టీ డబ్బాలో తాళంచెవి

కర్లెవిన్, విక్టోరియా
9 జూలై 2023

అక్కా,

ఇక్కడ వాన పడింది. పెద్దగా ఏం కాదు, దుమ్ము అణిగేంత. గోధుమ మొలక బాగానే వచ్చింది. కుక్క బాగుంది. నేనూ ఉన్నాను.

పోయిన ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు సరిగ్గా మాట్లాడలేదని ఏమనుకోకు. వానల సంగతి అయిపోయాక ఫోన్‌లో ఏం చెప్పాలో నాకు తోచదు. ఉత్తరమైతే మధ్యలో లేచి కోళ్ళకి గింజలు వేసి రావచ్చు. నోరీన్ కోళ్ళు ఇంకా గుడ్లు పెడుతూనే ఉన్నాయి. మా ఆవిడ పోయి రెండేళ్ళయిందని వాటికి ఎవరూ చెప్పినట్టు లేదు. రోజూ తెచ్చి గిన్నెలో పెడతాను. తినబుద్ధి కాదు. గిన్నె నిండాక కుక్కకి వేస్తాను. దాని బొచ్చు మాత్రం నిగనిగలాడుతోంది.

గొర్రెలన్నీ అమ్మేశాను. పొద్దున్నే లేచి వాటి మొహాలు చూసే ఓపిక ఉండటం లేదు. మొన్న కంచె అవతల రాస్ హెండీ కనిపించాడు. భార్య వదిలేసి వెళ్ళినప్పటి నుంచి అంత పొలమూ ఒక్కడే చూసుకుంటున్నాడు. "చలిగా ఉంది," అన్నాడు. "అవును," అన్నాను. ఈ వారం నేను మనుషులతో ఆడిన మాట అదొక్కటే.

కవరులో ఒక తాళంచెవి పెట్టాను. తుపాకుల బీరువాది. కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచు. ఈ మధ్య ఎక్కడో పెట్టి మర్చిపోతున్నాను.

క్లెమ్

*

అల్వర్‌స్టన్, టాస్మేనియా
17 జూలై

ఒరేయ్ క్లెమ్,

నీ ఉత్తరం అందింది, తాళంచెవీ అందింది. టీ డబ్బాలో వేసి మూత బిగించాను. నేనేం అడగను. ఎనిమిదో ఏట కొనుక్కున్న జేబుకత్తి ఇవాళ్టికీ జేబులో పెట్టుకు తిరిగే మనిషివి, నువ్వు వస్తువులు మర్చిపోవటమేమిటని అడగను. అడగనన్నాను కదా, అడగను.

నేను చెప్పేది మాత్రం విను. ముప్పై ఏళ్ళు డాక్టరు ముందుగదిలో రిసెప్షనిస్టుగా కూర్చుని వచ్చేవాళ్ళనీ పోయేవాళ్ళనీ చూసినదాన్ని. మీ ఊరి డాక్టరు దగ్గరికి వెళ్ళు. మామూలు పది నిమిషాలు చాలవు, పొడుగు అపాయింట్‌మెంటు కావాలని అడుగు. "మనసు బాగుండటం లేదు, ప్లాన్ రాయండి" అను. సిగ్గుపడి మోకాలి నొప్పని చెప్పి రాకు. ఆయన ప్లాన్ అనే కాగితం రాసిస్తాడు. అది పట్టుకుని సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళొచ్చు, ఏడాదికి పదిసార్లు. ముందు నువ్వు మొత్తం కట్టాలి. అందులో సగం దాకా ప్రభుత్వ మెడికేర్ వాళ్ళు తిరిగి నీ బ్యాంకు ఖాతాలో వేస్తారు. మిగతాది నీ జేబులోంచి.

"నాకేమైనా పిచ్చా" అంటావని తెలుసు. ఇది పిచ్చివాళ్ళకి కాదు. మా బౌలింగ్ క్లబ్ కోశాధికారిణి కూడా వెళ్తోంది. ఆవిడకి నిజంగానే పిచ్చి ఉంది, అది వేరే సంగతి.

ఇంకోటి. మీసాలొచ్చినప్పటి నుంచి పన్నుల్లో మెడికేర్‌కని కోయించుకుంటున్నావు. ఒక్క జ్వరానికైనా వెళ్ళావా? నీ డబ్బుతో ఊళ్ళోవాళ్ళందరి మోకాళ్ళూ బాగయ్యాయి. ప్రభుత్వం నీకు బాకీ ఉన్నది వసూలు చేసుకోవటానికి సిగ్గెందుకు?

మీ క్లినిక్ ముందుగది అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. సైకాలజిస్టు కోసం ఆరు నెలలు ఆగాలంది. ముప్పై ఏళ్ళ అనుభవమంతా గొంతులోకి తెచ్చుకుని మాట్లాడాను. ఎవరో మానేశారట, ఆగస్టులోనే చోటు దొరికింది. ఇంక నువ్వు వెళ్ళకపోతే నా పరువు పోతుంది.

నీ అక్క (ఇప్పటికీ నీకంటే నాలుగేళ్ళు పెద్ద),
మెర్ల్

*

కర్లెవిన్
16 ఆగస్టు

అక్కా,

వాన లేదు.

వెళ్ళాను. నీ పరువు క్షేమం.

డాక్టరు నా చేతికి ప్రశ్నల కాగితం ఇచ్చాడు. గత నాలుగు వారాల్లో ఎన్నిసార్లు ఏ ఆశా లేదనిపించింది అని ఉంది. "అయ్యా, నేను గోధుమ రైతుని," అన్నాను. ఆయన కలం పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి ప్లాన్ రాశాడు.

నిన్న మంగళవారం సైకాలజిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ పేరు ఇమోజెన్ ఫరూజియా. నా దగ్గరున్న ట్రాక్టరు కంటే చిన్నది వయసులో. రెండు వారాలకోసారి పట్నం నుంచి వచ్చి క్లినిక్‌లో కూర్చుంటుంది. బండి క్లినిక్ ముందే ఆపాను. ఎదురుగా పోస్టాఫీసు, అందులో గ్లెనిస్ ఉంటుందని తర్వాత గుర్తొచ్చింది. మహిళా సంఘం అధ్యక్షురాలు కూడా ఆవిడే. చెయ్యి ఊపింది. నేనూ ఊపాను.

గదిలో రెండు కుర్చీలు, మధ్యలో ముక్కు తుడుచుకునే కాగితాల పెట్టె. ఇవి మీకోసమే అంది. మెడికేర్ వాటి డబ్బు కూడా వెనక్కి ఇస్తుందో లేదో తెలియక ముట్టుకోలేదు. జేబురుమాలు తీసుకెళ్ళాను కదా, అవసరమైనప్పుడు అదే వాడాను. అవసరం పడింది. దాని గురించి రాయను.

ఉన్న యాభై నిమిషాల్లో నలభై నిమిషాలు వాన గురించే మాట్లాడాను. ఆ అమ్మాయి ఆపలేదు, పైగా వింది. అందుకు నాకు మనసులో పీకుతోంది. వాన కబుర్లకి కూడా ప్రభుత్వం సొమ్ము వెనక్కి ఇస్తుందా? తర్వాత ఎవరైనా వచ్చి అడుగుతారా?

క్లెమ్

*

అల్వర్‌స్టన్
24 ఆగస్టు

ఒరేయ్,

ఎవరూ వచ్చి అడగరు. వాన గురించి మాట్లాడినా ఇస్తారు, కుక్క గురించి మాట్లాడినా ఇస్తారు, యాభై నిమిషాలూ గోడకేసి చూస్తూ కూర్చున్నా ఇస్తారు. ఆ కాగితాలు ఊరికే. కావాలంటే రెండు జేబులో వేసుకొచ్చుకో.

రుమాలు సంగతి రాయనన్నావు. సరే. నువ్వు రాయలేదు, నేను చదవలేదు. చదవకపోయినా చాలా సంతోషించాను.

మొదట ఆరుసార్లు వెళ్ళనిస్తారు, ఆ తర్వాత మళ్ళీ డాక్టరుకి కనపడితే మిగతా నాలుగూ ఇస్తారు. ఒక్కటి కూడా వదలకు. డిసెంబరు ఆఖరుకి వాడుకోనివి వచ్చే ఏడాదికి రావు. దుకాణంలో గడువు ముగిసే రోజు రొట్టె అనుకో.

ఇక్కడ నా తుంటి ఎముక మళ్ళీ మొదలెట్టింది. బౌలింగ్ క్లబ్‌లో పచ్చిక కత్తిరించే రోజు గురించి పెద్ద యుద్ధం జరిగింది. కోశాధికారిణి నా వైపు తిరిగి చాలా ప్రశాంతంగా, "మెర్ల్, నీ కోపం నీది, దాన్ని నేను మోయను," అంది. ఇదంతా ఆవిడకి సైకాలజిస్టు నేర్పిందిట. సగం డబ్బు ప్రభుత్వమిచ్చి మరీ ఇలాంటివి నేర్పిస్తోంది. నువ్వు మాత్రం నా మీద ప్రయోగించకు.

మెర్ల్ అక్క

*

కర్లెవిన్
27 సెప్టెంబరు

అక్కా,

కాస్త వాన. గోధుమ నడుం ఎత్తు దాటింది.

ఇమోజెన్ నిన్న ఒక మాట అడిగింది. నోరీన్ పోయాక మీరు చెయ్యటం మానేసిన పని ఏమిటి అని. క్షవరం అన్నాను. నిజమే కదా. పెళ్ళయినప్పటి నుంచి వంటింటి కుర్చీలో కూర్చోబెట్టి, మెడ చుట్టూ నీలం తువ్వాలు కట్టి ఆవిడే కత్తిరించేది. ఇప్పుడు జుట్టు కాలరు దాటి కిందికి దిగింది. రాస్ కుక్క నన్ను గుర్తుపట్టక మొరుగుతోంది. ఆ అమ్మాయి కత్తిరించుకోమని అనలేదు, ఊరికే అడిగిందంతే. ఊరికే అడిగి మనిషిని ఇంటికి పంపిస్తుంది, అదీ ఆవిడ వరస.

బయటికొచ్చేసరికి గ్లెనిస్ ఎదురుపడింది. "కళ్ళు ఎర్రబడ్డాయేం క్లెమ్?" అంది. గడ్డి పడిందన్నాను. "క్లినిక్‌లో గడ్డెక్కడిదయ్యా?" అంది. స్టాంపులు ఇమ్మన్నాను.

అసలు సంగతి. నక్క ఒకటి మరిగింది. నోరీన్ కోళ్ళలో రెండింటిని ఎత్తుకుపోయింది. ఎర్రదాన్ని కూడా. పట్టపగలు గట్టు మీద కూర్చుని నా వైపు చూస్తోంది, ఇల్లు అద్దెకి తీసుకోవటానికి వచ్చినట్టు. తాళంచెవి వెనక్కి పంపు.

క్లెమ్

*

అల్వర్‌స్టన్
5 అక్టోబరు

క్లెమ్,

తాళంచెవి ఎక్కడ పెట్టానో మర్చిపోయాను. మన వంశంలోనే ఉంది కదా మరుపు.

కోళ్ళగూటి కంచె బాగుచెయ్యి. మోకాలి లోతు తవ్వి వలకంచె పాతిపెట్టు. నాన్న అలాగే చేసేవాడు. నక్కలకి ఓపిక తక్కువ.

జుట్టు సంగతి ఆలోచించు. పెళ్ళికెళ్ళేవాడిలా కాకపోయినా మనిషిలా ఉంటే చాలు.

మెర్ల్

*

కర్లెవిన్
8 నవంబరు

అక్కా,

కోతకి వారం పది రోజులే ఉంది. వాన ఇప్పుడు వద్దు.

కంచె పాతాను. నక్క మూడు రోజులు చుట్టూ తిరిగి నాకేసి అసహ్యంగా చూసి వెళ్ళిపోయింది. డాక్టరుకి మళ్ళీ కనపడ్డాను, మిగతా నాలుగూ రాసిచ్చాడు. నిన్న మంగళవారమే కానీ గుర్రప్పందేల సెలవు కాబట్టి ఇమోజెన్ రాలేదు. పందెంలో నేను కాసిన గుర్రం ఇంకా పరిగెడుతూనే ఉందనుకుంటా.

జుట్టు తీసేశాను. వంటింట్లో అదే కుర్చీ వేసుకుని, అదే నీలం తువ్వాలు కట్టుకుని, గొర్రెల బొచ్చు కత్తిరించే మిషను ఆన్ చేశాను. మధ్యలో కళ్ళు కనపడక చెయ్యి జారి ఒక పక్కంతా నున్నగా పోయింది. రెండో పక్క కూడా దానికి తగ్గట్టు చెయ్యాల్సొచ్చింది. ఇప్పుడు నా తల నోరీన్ కోళ్ళు పెట్టినట్టుంది. తువ్వాలు మడిచి మళ్ళీ అక్కడే పెట్టాను. ఆ పూట బాగా నిద్రపట్టింది.

ఇక వింత చెబుతాను. ఎవరైనా దగ్గరికి వస్తే తలుపు వెయ్యకండి అని ఇమోజెన్ చెప్పింది. ఆవిడ అలా చెప్పిన వారంలోనే ఊరంతా వచ్చింది! ఓవెన్‌లో వండిన కూరలు, గాజు గిన్నెలతో సహా. కోడి, గొర్రె మాంసం, ట్యూనా చేప, మళ్ళీ కోడి. తలుపు తీసేసరికి గుమ్మంలో గిన్నె ఉంటుంది, మనిషి అప్పటికే బండెక్కుతూ ఉంటాడు. రాస్ కూడా డబ్బా స్పఘెట్టి గిన్నెలో పోసి, పైన చీజు వేసి తెచ్చాడు. గుమ్మంలో నిలబడి నా తల చూసి, తన బూట్లు చూసుకుని వెళ్ళిపోయాడు. ఊళ్ళో ఆడవాళ్ళు నా భుజం నిమురుతున్నారు. గ్లెనిస్ నా దగ్గర స్టాంపులకి డబ్బు తీసుకోలేదు. ఆవిడ స్టాంపులు ఊరికే ఇవ్వటం నేను పుట్టి ఎరగను. ఆ ఇమోజెన్‌ది మామూలు చదువు కాదక్కా.

మహిళా సంఘం వాళ్ళు మాంసం పళ్ళెం బహుమతిగా లాటరీ పెట్టారు. మన చుట్టుపక్కలే ఎవరో కష్టంలో ఉన్నాడట, ఆ డబ్బు వాడి కోసం. పేరు చెప్పలేదు. పాపం అనిపించి చాలానే టిక్కెట్లు కొన్నాను. పళ్ళెం నాకే తగిలింది! నా పేరు చదవగానే హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఇద్దరు ముగ్గురు ఏడ్చారు. మాంసం ముక్కలకి ఇంత మర్యాదేమిటో అర్థం కాలేదు.

క్లెమ్

*

అల్వర్‌స్టన్
15 నవంబరు

ఓరి వెర్రివాడా,

ఆ కష్టంలో ఉన్నవాడివి నువ్వే!

రెండు వారాలకోసారి క్లినిక్ ముందు బండి. బయటికొచ్చేసరికి ఎర్రటి కళ్ళు. చిక్కిపోయిన ఒళ్ళు. గొర్రెలన్నీ అమ్మేశావు. టాస్మేనియాలో ఉన్న ఒక్కగానొక్క అక్కకి బరువైన కవర్లు, ఆస్తి కాగితాలు అనుకోవటానికి ఇంకేం కావాలి? ఆ పైన తల నున్నగా చేసుకుని ఊళ్ళోకి వెళ్ళావు. ముప్పై ఏళ్ళు ముందుగదిలో కూర్చున్నదాన్ని, ఇది వింటే నేను కూడా ఆ ఒక్క మాటే అనుకుంటాను. నీకు క్యాన్సర్ అని ఊరంతా నమ్ముతోంది. నువ్వేమో నీ కోసమే పెట్టిన లాటరీలో నువ్వే టిక్కెట్లు కొని, మాంసం గెలుచుకుని, నవ్వుకుంటూ ఇంటికి తెచ్చుకున్నావు!

చదువుతూ ఎంత నవ్వానంటే తుంటి పట్టేసింది. కానీ క్లెమ్, ఇది ముదరకముందే ఎవరికో ఒకరికి నిజం చెప్పు. మీ ఊరు నాకు తెలుసు. కూరలతో ఆగరు.

మెర్ల్

*

కర్లెవిన్
26 నవంబరు

అక్కా,

ఆగలేదు.

నిన్న పొద్దున్న కోత మొదలుపెడదామని బయటికొచ్చాను. రోడ్డు మీద దుమ్ము లేస్తోంది. ముందు రాస్ కోత మిషను, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. జిల్లాలో ఉన్నవన్నీ వచ్చేశాయేమో. ధాన్యం లారీలు, బల్లలు, టీ కాచే డేగిసాలు, వాటి వెనక గ్లెనిస్. వాళ్ళ పంటలు వాళ్ళ పొలాల్లో ఎండుతుంటే నా పంట కొయ్యటానికి వచ్చారు. నేను నోరు తెరవబోయాను. రాస్ మిషను మీద నుంచి వంగి, "పంట మేం చూసుకుంటాం. నువ్వు వైద్యం చూసుకో," అన్నాడు. వాడు ఒకేసారి అన్ని మాటలు అనటం వినలేదు ఎప్పుడూ.

నన్ను గొడుగు కింద కుర్చీలో కూర్చోబెట్టారు. మోకాళ్ళ మీద దుప్పటి కప్పారు. నలభై డిగ్రీల ఎండలో దుప్పటి! గ్లెనిస్ అల్లిన ఉన్ని టోపీ తలకి తొడిగింది. సాయంత్రానికి నెల రోజుల పని అయిపోయింది. అందరూ వెళ్ళాక తపాలా పెట్టెలో నీ ఉత్తరం చూశాను. టోపీ తీసి చదివాను.

ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు. చచ్చిపోతున్న మనిషికి చేసిన సాయమది. నేనేమో ఒక కుర్చీలో కూర్చుని, ఒక ఆడపిల్లకి నా భార్య గురించి చెప్పుకుని ఏడ్చి వచ్చేవాణ్ణి. ఎలా చెప్పను వాళ్ళకి? చెప్పలేను. క్లినిక్‌కి ఇక వెళ్ళను. బండి ఇంట్లోనే ఉంటుంది. కొన్నాళ్ళకి జుట్టు పెరుగుతుంది, నయమైందనుకుంటారు. ఇమోజెన్‌కి నువ్వే ఫోన్ చేసి రానని చెప్పు.

క్లెమ్

*

అల్వర్‌స్టన్
29 నవంబరు
ఎక్స్‌ప్రెస్ పోస్టు

క్లెమ్,

చెప్పను.

ఇంకా మూడుసార్లు మిగిలి ఉన్నాయి నీకు. ఒకటి ఆ గుర్రాల పుణ్యమా అని ఎటూ పోయింది. మిగతా రెండూ వదిలేస్తానంటే ఊరుకోను.

మెడికేర్ లెక్కల గురించి రాయటం నాకు బాగా వచ్చు. ఇదైతే రాదు, అయినా రాస్తాను. జూలైలో నీ కవరు విప్పి ఆ తాళంచెవి చేతిలో పడ్డాక నేను వంటింట్లో నేల మీద కూర్చుండిపోయాను. నా తుంటితో నేల మీద కూర్చుంటే లేవటం ఎంత కష్టమో నీకు తెలియదు. టీ డబ్బా తెరిచినప్పుడల్లా అది ఉందో లేదో చూస్తాను. టీ తాగాలని లేకపోయినా తెరుస్తాను. నాకు మిగిలిన తమ్ముడివి నువ్వు ఒక్కడివేరా. నాకు భయం వేసింది. ఇంకా వేస్తోంది.

చచ్చిపోతున్నవాడికి చేసిన సాయం అని సిగ్గుపడుతున్నావు. జూలైలో నువ్వు ఎలా ఉన్నావో నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్ళు మనిషి విషయంలో పొరబడలేదు, జబ్బు పేరులో పొరబడ్డారంతే.

ఇక చెయ్యాల్సింది విను. గిన్నెల అడుగున టేపు మీద పేర్లు ఉంటాయి. కడుగు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అమ్మ మనిద్దరికీ నేర్పింది. గుడ్లున్నాయి కదా, వాటినే పెట్టు. ఒక్కో గుమ్మం ఎక్కి, గిన్నె చేతికిచ్చి, నిజం చెప్పి, రా. అందరిముందూ చెప్పక్కర్లేదు. ఒక్కో మనిషికి ఒక్కోసారి.

మంగళవారం వెళ్ళు.

అక్క

*

కర్లెవిన్
22 డిసెంబరు

అక్కా,

ఎండలు మండిపోతున్నాయి. రెండు మంగళవారాలూ వెళ్ళాను.

గిన్నెలు తిరిగిచ్చాను. వారం పట్టింది, ఎందుకంటే కోళ్ళు పెట్టేదాకా ఆగాలి. మొదట గ్లెనిస్ దగ్గరికే వెళ్ళాను. అది అయిపోతే మిగతావి సులువనుకున్నాను. గిన్నె చేతిలో పెట్టి, "నాకు క్యాన్సర్ లేదు. నోరీన్ పోయాక బతకాలని అనిపించలేదు. సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాను," అన్నాను. దారంతా వల్లె వేసుకున్న మాటలు.

ఆవిడ నన్నూ గుడ్లనీ మార్చి మార్చి చూసింది. "అంటే నువ్వు చావటం లేదా?" అంది.

"ఇప్పట్లో లేదు."

"ఏం మనిషివయ్యా నువ్వు! నీ అంత్యక్రియలకి ఏ కేకు చెయ్యాలో కూడా రాసిపెట్టుకున్నాను!" అని కోపంగా లోపలికెళ్ళిపోయింది. నేను మెట్ల మీద నిలబడ్డాను. కాసేపటికి ముక్కు ఎర్రగా చేసుకుని, ఆ కేకే పెద్ద ముక్క కోసి తెచ్చి నా చేతిలో పెట్టింది. నిమ్మకాయ కేకు. "నోరీన్‌కి ఇష్టం కదా ఇది," అంది. అప్పుడు ఇద్దరం మెట్ల మీదే కూర్చుని ఏడ్చాం. ఆ టోపీ మాత్రం వెనక్కి అడిగింది.

పళ్ళెంలో మాంసం నేను తినేశాను, లాటరీ డబ్బు మాత్రం ముట్టనన్నాను. సంఘం వాళ్ళు హాలుకి కొత్త ఫ్యాను కొంటున్నారు. దానికి నా పేరు పెడతామని బెదిరిస్తున్నారు.

మిగతా గుమ్మాల దగ్గర ఒక్కరూ నవ్వలేదు. ఒకాయన గుడ్లు లెక్కపెడుతున్నట్టు చాలాసేపు తల దించుకుని, వాళ్ళావిడ వినకుండా, ఆ ప్లాన్ ఎవరు రాస్తారని అడిగాడు. పొడుగు అపాయింట్‌మెంటు అడగమన్నాను.

ఆఖరున రాస్. వాడి స్పఘెట్టి గిన్నె తోమటానికే ఒక పూట పట్టింది. కంచె దగ్గర నిలబడి అంతా చెప్పాను. నీ పంట ఎండబెట్టుకుని నాది కోశావు, నేను ఆ జబ్బుమనిషిని కాదు, క్షమించు అన్నాను. వాడు గుడ్ల వైపు చూస్తూ, "ఎండగా ఉంది," అన్నాడు. "అవును," అన్నాను. వెళ్ళిపోయాడు. కోపం వచ్చిందనుకున్నాను, నాలుగు రోజులు బాధపడ్డాను.

నిన్న సాయంత్రం వాడే వచ్చాడు. మా వంటింటి బల్ల దగ్గర కూర్చోవటం నోరీన్ పోయాక ఇదే మొదటిసారి. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు.

"కొన్నాళ్ళు నీ దగ్గర ఉంచు," అన్నాడు. "ఈ మధ్య ఎక్కడో పెట్టి మర్చిపోతున్నాను."

నేనేం అడగలేదక్కా. నోరీన్ టీ డబ్బాలో వేసి మూత బిగించాను. నాలుగు గుడ్లు వేయించాను, చెరో రెండు తిన్నాం. తర్వాత ముప్పై ఏళ్ళు ముందుగదిలో కూర్చున్నదానిలా వాడికి మొత్తం చెప్పాను. డాక్టరు, ప్లాన్, పదిసార్లు, అన్నీ.

"డబ్బు నిజంగా వెనక్కి వేస్తారా?" అన్నాడు.

"సగం దాకా."

"మాట రాకపోతే?"

"వాన గురించి చెప్పు. దానికీ ఇస్తారు."

ఆ ముందుగది అమ్మాయికి నువ్వు మళ్ళీ ఒకసారి ఫోన్ చెయ్యాలి. ఆరు నెలలు అంటుంది. వాడికి అన్ని నెలలు లేవని నాకనిపిస్తోంది.

నా తాళంచెవి ఇప్పుడే పంపకు. వాడిది ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నాది అక్కడే ఉండనీ. పంపాలనిపించినా పోస్టులో వద్దు, నువ్వే తీసుకుని ఓడెక్కు. కోళ్ళు బాగా పెడుతున్నాయి.

జనవరి నుంచి మళ్ళీ పది. నాకు పది, వాడికి పది. ఇద్దరం ఒకే బండిలో వెళ్ళి క్లినిక్ ముందే ఆపుతాం. ఓవెన్ వెలిగించొద్దని గ్లెనిస్‌కి ముందే చెప్పాను.

నీ తమ్ముడు,
క్లెమ్